మూడు పిస్టళ్లు, ఒక బోణీ

"నీకు కావలసింది పిస్టల్ కాదు, చోటు," అన్నాడు కృష్ణకుమార్.

శుక్రవారం, ఉదయం ఏడు గంటలు. మలయ్ దేశపు రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలదండల దుకాణం మీద గది. హోం శాఖ కింద బోర్డు కూడా లేని చిన్న విభాగానికి ఆయన చీఫ్. నాగవల్లి ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఏజెంట్. అద్దం ముందు నిలబడి విగ్గు సర్దుకుంటోంది. ఇపో ఊరి గ్యాంగు తరఫున ఆయుధాలు కొనే ఆడమనిషి మూడు రోజుల క్రితం గుట్టుగా లాకప్‌లోకి వెళ్లింది. ఆమె పేరూ, ఆమె విగ్గూ, ఆమె నల్లకళ్లద్దాలూ ఇప్పుడు నాగవల్లివి.

కృష్ణకుమార్ పొడి పొడి ముక్కల్లో బ్రీఫింగ్ ముగించాడు. సముద్రం అవతలి ముఠా ఒకటి యంత్రాల విడిభాగాల పేరుతో పిస్టళ్లు దింపుతోంది. పోర్టు కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసే సాయికృష్ణ అనే కరీంనగర్ కుర్రాడు కంప్యూటర్‌లో ఆ సంగతి కనిపెట్టి పై వాళ్లకి చెప్పాడు. నాలుగు రోజులుగా కనపడడం లేదు. ఈరోజు పదకొండింటికి వాడిని పడవ ఎక్కిస్తారు. ఆ పడవ తిరిగొస్తుంది గానీ వాడు రాడు. ముఠా గోడౌన్ బంటింగ్ ఊరి చుట్టుపక్కల ఉందని తెలుసు, ఎక్కడో తెలియదు. నాగవల్లి గాజులో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆమె లోపలికి వెళితే చాలు, మిగతాది పోలీసులు చూసుకుంటారు.

"తీసుకెళ్లేది కస్తూరి," అన్నాడు. "ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరేస్తది. నువ్వెవరివో మాత్రం ఆమెకి సెప్పలేదు."

"ఆమెని నమ్మొచ్చా సార్?"

"రెండేళ్లుగా మన మనిషి."

"ఎవరి మనిషని అడగలేదు సార్. నమ్మొచ్చా అని అడిగినాను."

కృష్ణకుమార్ టీ తాగాడు. జవాబు తెలియనప్పుడు ఆయన టీ తాగుతాడు.

ఎనిమిదింటికి రైలు స్టేషన్ ముందు నాగవల్లి కోసం కారు వచ్చింది. ముందు అత్తరు దిగింది, తరువాత కస్తూరి దిగింది. బెజవాడ నుంచి వచ్చి ఆరేళ్లయిందట. పెళ్లిళ్లకి అలంకరణలు చేయించే కంపెనీ నడుపుతుంది. పట్టుచీర, చెవులకి పచ్చలు. ఆ చిరునవ్వు చూస్తే చాలు, పీట మీద కూర్చోబోయే పెళ్లికొడుకైనా తలతిప్పుతాడు.

"ఇపో నుంచి తెల్ల కాఫీ తెచ్చారా అక్కా?" అంది.

"చక్కెర తక్కువది తెచ్చినాను," అంది నాగవల్లి. కోడ్ సరిపోయింది.

బంటింగ్ బస్‌స్టాండ్ వెనక కారు మార్చారు. కొత్త కారెక్కే ముందు కస్తూరి ఫోన్ తీసేసుకుంది. తరువాత నవ్వుతూ చెయ్యి పట్టుకుని గాజు కూడా జార్చేసింది. కొనేవాళ్లెవరైనా ఒంటి మీది లోహం ఇక్కడే వదలాలట, ముఠా రూలు. వద్దంటే అనుమానం, సరేనంటే గుడ్డితనం. నాగవల్లి సరేనంది. గాజు పాత కారులో ఉండిపోయింది, దాని వెంట కృష్ణకుమార్ మనుషులూ ఉండిపోయారు.

పాత రబ్బరు ఎస్టేటు దాటాక ఏటి ఒడ్డున రేకుల గోడౌన్. దాని కంచెని ఆనుకుని ఒక ఫ్యాక్టరీ. అందులో పెద్ద ప్రెస్ ఒకటి ఇనుప రేకుల్ని ఆగకుండా గుద్దుతోంది. ఆ చప్పుడుకి నేల కూడా అదురుతోంది. లోపల ఫోన్ సిగ్నల్ అందదు. కస్తూరి గుమ్మం దగ్గరే ఆగి, రోడ్డు మీదికి వెళ్లి ఇపోకి ఫోన్ చేసి వస్తానంది.

"మీ వాళ్లకి మీరు క్షేమంగా చేరారని ఒక మాట చెప్పాలి కదక్కా. పదింటికల్లా వస్తా. ఈలోగా మూడూ చూసి ఒకటి ఖాయం చేసుకోండి."

షట్టర్ కిందికి దిగింది. బయట తాళం పడిన చప్పుడైంది. ఇపోలో ఫోన్ ఎత్తేవాడు 'మా మనిషి మూడు రోజులుగా కనపడ్డం లేదు' అంటాడు. అప్పుడు కస్తూరి ఎవరి మనిషో తేలుతుంది. మన మనిషైతే నవ్వి ఊరుకుంటుంది. కాకపోతే ఈ గోడౌన్ నుంచి పడవకి ఇద్దరు వెళతారు. నాగవల్లికి భయం వేసింది.

లోపల బల్ల వెనక ముఠా సరుకు అమ్మే మణియం నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, నుదుట విభూతి. ఆమె మాట యాసని బట్టి తమ తెలుగు మనిషేనని పోల్చుకుని మురిసిపోయాడు. తనదీ ఎస్టేటు కుటుంబమేనట. ఇరవై రెండేళ్లు చీరల కొట్లో పనిచేశాడట. ఈ వ్యాపారంలోకి వచ్చి నెల కాలేదు. తనంతట తాను చేసే మొదటి బేరం ఇదేనని చెప్పుకున్నాడు.

"కూర్చో లా అమ్మా," అన్నాడు, ఇక్కడివాళ్లందరిలా మాట చివర 'లా' తగిలించి. "శుక్రవారం పూట ఆడపడుచు బోణీ. నాకింకేటి కావాల?"

బల్ల మీద గుడ్డ పరిచి మూడు సెమీ ఆటోమాటిక్ పిస్టళ్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు, పట్టుచీరలు మడత విప్పినట్టే. ఒకటి పూర్తి ఉక్కు, కిలో పైమాటే. రెండోది ప్లాస్టిక్ ఫ్రేముది, నడిమి సైజు. మూడోది అరచేతిలో ఇమిడిపోయే బుజ్జిది. ఆడవాళ్ల చేతికి అదే హాయిగా ఉంటుందని మణియం ఎక్కడో వీడియోలో చూశాడట. పక్కన మూడింటికీ పనికొచ్చే యాభై తూటాల పెట్టె ఒకటుంది. ఇంతేనా అని అడిగితే, ఇంతే అన్నాడు. ఈ దేశంలో లైసెన్సు లేని పిస్టల్‌తో దొరికితే జైలూ, బెత్తం దెబ్బలూ. అందుకే ముఠా సరుకు ఒకచోట, తూటాలు మరోచోట ఉంచుతుంది. బేరానికి ఒక పెట్టె మాత్రం పంపిస్తుంది.

పదిహేను మీటర్ల దూరంలో ఇసుక బస్తాలు, వాటి మీద కాగితం టార్గెట్. బస్తాలకి ఎడమ పక్కన చెక్కలు కొట్టిన గది. ఆమె అటు చూస్తుండగానే లోపల్నుంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది.

"అన్నా, జర నీళ్లియ్యవా."

కరీంనగర్ యాస. నాగవల్లి కళ్లద్దాల వెనక ఒక్కసారి కళ్లు మూసుకుంది. ఆ గదిలో ఏముందని మామూలుగా అడిగింది. పడవకి వెళ్లే సరుకేనని, కాపలాకి అరుముగం ఉన్నాడని, బయట తేడా వస్తే ముందు సరుకుని నరికెయ్యమని వాడికి ఆర్డరనీ మణియం చీర అంచు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

ఆమె లెక్క వేసుకుంది. మణియాన్ని కాల్చడం చిటికెలో పని. కానీ ఆ చిటికెలోనే గదిలో కత్తి లేస్తుంది. పైగా అతను పెట్టెలోంచి అయిదేసి తూటాలే ఎక్కిస్తాడట, పేల్చగానే పిస్టల్ తిరిగి తీసుకుంటాడట. కస్తూరి వచ్చే వేళకి పిస్టల్ తన చేతిలో ఉండదు, వాళ్ల చేతుల్లో ఉంటుంది. ఉంటే ఉండనీ. అందులో తూటా మాత్రం ఉండకూడదు.

ఇక నాగవల్లి పిస్టళ్లు కొనడం మొదలుపెట్టింది. చీర కొనే ఆడమనిషి ఎలా కొంటుందో అలా.

"మూడూ ఒకేలా పేల్చి సూడాల అన్నా. గ్రిప్ ఎలా ఉంది, గురి ఎలా ఉంది, తన్ను ఎంతుంది. నలభై ముక్కల ఆర్డరు. మా వాళ్లు నన్ను అడుగుతారు."

ప్రెస్ గుద్దుతున్నంతసేపే పేల్చమని మణియం షరతు పెట్టాడు. చప్పుడులో చప్పుడు కలిసిపోతుందట. మొదట ఉక్కుది. బరువుకి మణికట్టు లాగింది గానీ తన్ను మెత్తగా ఉంది. అయిదూ అరచేతి వెడల్పులో పడ్డాయి. నడిమిది చేతికి అతికినట్టుంది. ట్రిగర్ కాస్త బిగువు, తూటాలు పడిన గుంపు కాస్త వెడల్పు. బుజ్జిది మాత్రం గాడిదలా తన్నింది. ఎంత చిన్న పిస్టలైతే అంత పెద్ద తన్ను. వీడియోల వాళ్లు ఆ సంగతి మణియానికి చెప్పినట్టు లేదు. నాలుగో తూటా ఎడమకి జరిగి బస్తా అంచు చీల్చింది. ఇంకో జానెడు జరిగితే చెక్క గది.

ఖర్చు చేయాల్సిన ఒక్కొక్క తూటా ఆ కుర్రాడి పక్కనుంచే వెళ్లాలి. గురి తప్పితే వాడిని పడవ వాళ్లు చంపనక్కరలేదు.

పదిహేను అయ్యాయి. గ్యాంగులో ఎడమచేతి వాటం వాడు ఒకడున్నాడంది. మళ్లీ మూడింటితో, అయిదేసి. ముప్పై. బొటనవేలి మొదట్లో చర్మం లేచిపోయి నెత్తురు కనిపించింది. వెంటవెంటనే రెండేసి పేలిస్తే గురి ఎంత చెదురుతుందో చూడాలంది. నాలుగేసి. నలభై రెండు.

మణియం పెట్టె మూత వేశాడు. "సాలమ్మా. ఇన్ని సూసినాక ఇంకా ఏటి?"

నాగవల్లి బల్ల మీది హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. "పోన్లే అన్నా. మనసు కుదర్లేదు. ఇంకోసోట సూస్తాను."

షట్టర్‌కి బయట తాళం ఉంది. ఆమె ఎక్కడికీ వెళ్లే వీలు లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా మణియం ముఖం పాలిపోయింది. పొద్దున్నే వచ్చిన బోణీ బేరం వట్టి చేతులతో లేచి నిలబడితే, ఇరవై రెండేళ్ల కొట్టు బతుకు అతన్ని మెడ పట్టుకుని వంచింది. గబగబా పెట్టె తెరిచి ఏడు తూటాలు తీశాడు. ఎనిమిదోది లోపలే ఉంచాడు. పెట్టెని పూర్తిగా ఖాళీ చేయకూడదని, అరిష్టమనీ గొణిగాడు. వాళ్లమ్మ బియ్యం డబ్బాలో ఎప్పుడూ గుప్పెడు మిగిల్చేదట.

ఆ ఏడూ నడిమి పిస్టల్‌తో పేల్చింది. ఏడూ ఒక్క గుత్తిగా పడ్డాయి. ఇదే ఖాయం, నలభై, అంది. మణియం రెండు చేతులూ జోడించాడు.

"మరి కొసరు?" అంది నాగవల్లి.

"కొసరా?"

"నలభై కొంటున్నాను. ఆ ఒక్కటీ ఇవ్వలేవా?"

మణియం నవ్వేశాడు. కొసరు అడగని తెలుగుదాన్ని అతను ఇరవై రెండేళ్లలో చూడలేదు. చివరి తూటా తనే ఎక్కించి పిస్టల్ ఆమె చేతికిచ్చాడు. ఆమె ఎత్తి గురి చూసింది.

ప్రెస్ ఆగిపోయింది. పది గంటలు, ఫ్యాక్టరీలో టీ టైము. గోడౌనంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. కంచె అవతల కప్పుల చప్పుడూ, మనుషుల మాటలూ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఇప్పుడొద్దు లా, ఆగు," అన్నాడు మణియం.

షట్టర్ సగానికి లేచింది. వంగి లోపలికి వచ్చింది కస్తూరి. ముఖంలో చిరునవ్వు లేదు.

"ఇపో అక్కయ్య మూడు రోజులుగా కనపడ్డం లేదట," అంది మెల్లగా. "కృష్ణకుమార్ గారు నాకు కూడా చెప్పకుండా పంపారన్నమాట. నేను ఆయన దగ్గర దాచినవి చాలా ఉన్నాయి లెండి, చెల్లుకి చెల్లు. మణియం, కాల్చెయ్. చప్పుడు సంగతి నేను చూసుకుంటా."

మణియం చెయ్యి కంగారులో బుజ్జిదాని మీదికి వెళ్లింది. ట్రిగర్ నొక్కాడు. టిక్ మంది. మళ్లీ నొక్కాడు.

"తూటాలేవి?" అంది కస్తూరి.

"అమ్మ పేల్చి సూసినాది," అన్నాడు మణియం. "అన్నీ సూసినాది. ఉన్నది ఒక్కటే. అది ఆమె సేతిలోనే ఉంది."

కస్తూరి చప్పున తేరుకుంది. ఒక్క తూటాకి ముగ్గురు పడరు. అరుముగాన్ని కేకేసింది. చెక్క తలుపు తెరుచుకుంది. చేతులు కట్టేసిన సాయికృష్ణని మెడ పట్టుకుని ముందుకు నెట్టుకుంటూ అరుముగం వచ్చాడు, రెండో చేతిలో పొడుగాటి కత్తి. ఇద్దరూ ఒకే మనిషిలా కనిపిస్తున్నారు. ఎంత మంచి గురైనా అక్కడ పనికిరాదు. కుర్రాడి పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నీళ్లు అడిగిన మనిషికి ఇంకా ఎవరూ నీళ్లు ఇవ్వలేదని ఆమెకి అర్థమై ఒళ్లు మండింది.

నాగవల్లి పిస్టల్ పైకెత్తి కప్పు రేకుల్లోకి పేల్చింది.

ప్రెస్ లేని ఆ నిశ్శబ్దంలో పిడుగు పడినట్టయింది. కంచె అవతల కప్పులు కింద పడ్డాయి. నూట యాభై మంది ఒక్కసారిగా అరిచారు. అరుముగం బెదిరి పైకి చూశాడు, కుర్రాడు మోకాళ్ల మీదికి జారాడు. ఆ ఒక్క క్షణంలో నాగవల్లి ఉక్కు పిస్టల్ అందుకుని బలంకొద్దీ విసిరింది. కిలో పైచిలుకు ఉక్కు వెళ్లి వాడి నుదుటికి తగిలింది. కత్తి ఒకపక్కకి, వాడు ఒకపక్కకి పడ్డారు. విసరడానికి మాత్రం బరువైనదే హాయి.

కస్తూరి వెనక్కి తిరిగేసరికి షట్టర్ కింద కాళ్లు, కాళ్లు, కాళ్లు. టైరు పేలిందని ఆమె మలయ్‌లో తియ్యగా చెప్పబోయింది. కట్టేసిన కుర్రాడిని చూశాక ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఆమెని కదలనివ్వలేదు. ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఎవరో సాయికృష్ణ నోటికి చల్లారిన టీ అందించారు. వాడు తాగుతూ ఏడ్చాడు. నాగవల్లికి కూడా కళ్లు చెమర్చాయి, కళ్లద్దాలు సర్దుకుంది.

పది నిమిషాల్లో కృష్ణకుమార్ వచ్చాడు. కస్తూరిని చూసి, గాజు లేని నాగవల్లి చేతిని చూసి, టీ కోసం చుట్టూ వెతుక్కున్నాడు.

బేడీలు వేయించుకుని మణియం బల్ల పక్కనే నిలబడ్డాడు. కానిస్టేబుల్ లాగుతున్నా కాళ్లు కదల్లేదు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"మరి బోణీ అమ్మా? ఇంతకీ ఏది పట్టుకెళ్తావు?"

నాగవల్లి గ్లవ్స్ తొడుక్కుని సాక్ష్యాల సంచి తెరిచింది.

"మూడూ," అంది.

పాపం, మణియం ముఖం ఒక్క క్షణం వెలిగింది.