ఎర్ర రిబ్బన్లు, నీలం రిబ్బన్లు

"తినేసింది! ఏమండీ, మీ మేకపిల్ల తినేసింది!"

సూర్యాపేట బస్టాండ్ నుంచి చివ్వెంల వెళ్తున్న షేర్ ఆటోలో అఖిల పెట్టిన కేకకి డ్రైవర్ ఠక్కున బ్రేక్ వేశాడు. బయట వాన దంచికొడుతోంది.

పక్కన కూర్చున్న కుర్రాడు కంగారుగా ఒళ్లోని మేకపిల్ల మూతి పట్టుకున్నాడు. మూతినిండా తెల్లటి రవ్వ. అఖిల బ్యాగులోంచి బయటికొచ్చిన ప్యాకెట్‌కి ఇంత పెద్ద బొక్క.

"సారీ మేడం. దీని పేరు మిర్చి. నోరు ఊకె ఉండదు. ఉప్మా రవ్వనేనా? కొనిస్త తియ్యుండ్రి."

"రవ్వ కాదండీ! రెండేళ్ల నుంచి ల్యాబ్‌లో నేను చేస్తున్న మందు!"

కుర్రాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మందా? సచ్చిపోతదా ఏంది?"

"ఎందుకు చస్తుంది? అసలు సంగతి అది కాదు. దానంతట అదే తిన్నది!" అఖిల సంతోషం పట్టలేక లేచి నిలబడబోయింది. నెత్తి ఆటో టాపుకి టంగున తగిలింది. "చూడండి, ఇంకా నాకుతోంది!"

"దొంగతనం చేస్తే తిట్టాలె గాని, గీ సంబురమేంది?" కుర్రాడు డ్రైవర్ వైపు సాయం కోసం చూశాడు.

అప్పుడు చెప్పింది అఖిల. ఆమెది కోదాడ. మిర్యాలగూడ రైసుమిల్లుల పక్కన ఉన్న చిన్న పశువుల దాణా కంపెనీలో ఉద్యోగం. వాము నూనె, లవంగ నూనె మేకపిల్లల కడుపులో విరేచనాలు, అదే పారుడు రోగం, తెచ్చే క్రిముల్ని చంపుతాయి. కానీ ఆ ఘాటుకి ఏ మేకా దగ్గరికి రాదు. బలవంతంగా పోసినా పేగుల దాకా చేరేలోపే నూనె సత్తువ పోతుంది.

"అందుకే ఆ నూనెని సన్నటి రవ్వలో పెట్టి, పైన పాలిమర్ పొర వేశాను. ఘాటు బయటికి రాదు. పేగుల్లోకి వెళ్లాక పొర మెల్లగా కరుగుతుంది, మందు కొంచెం కొంచెం వదులుతుంది."

"అంటే మందుకు చొక్కా తొడిగిన్రు."

"చొక్కా కాదు, రెయిన్‌కోటు."

కుర్రాడు ఆమె తడిసి ముద్దయిన చున్నీ చూశాడు. "మందుకు రెయిన్‌కోటు తొడిగి, మీరేమో తడుసుకుంట తిరుగుతున్రా?"

అఖిలకి నవ్వొచ్చింది. పొద్దుట్నుంచి ఆమెకి నవ్వే అవకాశమే దొరకలేదు. ఎవర్నడిగినా మా జీవాల మీద మీ ప్రయోగాలేంటని తలుపేశారు. ఈ వానాకాలంలో ఫలితం చూపించకపోతే మందు పని ఆపేద్దామని బాస్ మురళీధర్ సార్ ముందే చెప్పేశారు.

"మీకెన్ని మేకలున్నాయి?" అనడిగింది ఆశగా.

"మేకల మందనే ఉన్నది. వానలు వడ్డయంటే పిల్లలు పారుకుంట సస్తయి. పాతిపెట్టుడే నా పనైతది." మిర్చి మూతి తుడిచాడు. "నా పేరు జీవన్. మా కొట్టం చూస్తరా?"

*

పిల్లల్ని సగం సగం చేశారు. ఎర్ర రిబ్బన్ కట్టినవాటికి మందున్న రవ్వ. నీలం రిబ్బన్ వాటికి నూనె లేని ఉత్త రవ్వ. రెంటికీ తేడా వస్తేనే మందు పనిచేసినట్టు. పొద్దున్నే తవుట్లో కలిపి పెట్టే బాధ్యత జీవన్ తల్లి లచ్చమ్మది.

వారం వారం బరువులు చూడ్డానికి అఖిల వచ్చేది. బస్సు దిగేసరికి జీవన్ బైకు మీద సిద్ధంగా ఉండేవాడు, చేతిలో ఇంకో రెయిన్‌కోటుతో.

ఒకరోజు ఆమె "పెద్దమ్మా, మంచినీళ్లిస్తారా?" అని లచ్చమ్మని పిలిచింది. జీవన్ చేతిలోని మేకపిల్ల జారింది.

"పెద్దమ్మ ఏంది? గట్లయితే నేనేమైత?"

"ఏమవుతారు?"

"అత్తమ్మ అంటే నీ సొమ్మేం పోతది?"

అఖిల చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి పెద్దమ్మా అనలేదు, అత్తమ్మా అనలేదు. "అమ్మా" అని సరిపెట్టుకుంది. కానీ కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ మాటే తలచుకుని ఎన్నిసార్లు నవ్వుకుందో! అతనంటే ఇష్టమని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

*

వానలు తగ్గే రోజుల్లో చివరి బరువులు తీశారు. ఎర్రవీ నీలివీ ఒకేలా ఉన్నాయి. ఆరోగ్యంలో కూడా తేడా లేదు.

అఖిల నులక మంచం మీద కూలబడింది. "అయిపోయింది జీవన్. నా మందు పనిచేయలేదు."

"నేనొప్ప. ఊర్ల ఎవల కొట్టం సూసినా పిల్లలు పారుకుంట పండుకున్నయి. మావి గంతులేస్తున్నయి. నీలం రిబ్బన్లయి సుత."

"అదే కదా! మందు తిననివి కూడా బాగున్నాయంటే ఇక మందెందుకు?"

"ఎవలు తినలే?" చాట పక్కన పెట్టి అడిగింది లచ్చమ్మ. "అన్నీ తిన్నయి."

జీవన్ మెల్లగా తిరిగాడు. "అమ్మా, నీలం డబ్బాల మందు ఉండదని చెప్పిన గద."

"చెప్పినవ్. అందుకే రెండు డబ్బాలు గిన్నెల కలిపి అందరికి సమానం పెట్టిన. బంతిల కూసోబెట్టి సగం మందికి కూరేసి, సగం మందికి ఉత్త అన్నం పెడ్తమా? అవి నా మొకం సూడవా బిడ్డా? బంతిల ఫరక్ ఉండొద్దు."

"కొంప ముంచితివి గదనే!" జీవన్ నెత్తి పట్టుకున్నాడు.

అఖిలకి ముందు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. అంతలోనే ఏదో తట్టి ఎగిరి గంతేసింది. నెత్తి కొట్టం వాసానికి తగిలింది. "జీవన్! అంటే సగం మోతాదుకే రోగం ఆగిందేమో!"

"అయితే పనిచేసిందని మీ సార్‌కు చెప్పెయ్."

"చెప్పకూడదు. ఇది రుజువు కాదు. ఉన్నదున్నట్టే చెప్తాను."

స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. అంతా విని మురళీధర్ సార్ ఒకే ప్రశ్న అడిగారు.

"పక్క కొట్టాల్లో పిల్లలు?"

"పారుతున్నాయి సార్. వీళ్లవే ఎగురుతున్నాయి."

అటువైపు నుంచి గట్టిగా నవ్వు. "సరే, ఇంకో వానాకాలం ఇస్తాను. ఈసారి ఆ తల్లిని ఆపే మనిషిని చూసుకో."

"అమ్మను ఆపుడు నాతోని కాదు," జీవన్ చేతులెత్తేశాడు.

లచ్చమ్మ తేల్చేసింది. "ఉత్త రవ్వ పెట్టుడు నా చేతులతోని కాదు. నువ్వే వచ్చి పెట్టుకో. ఏదన్న పారుకున్నదా, గప్పుడే దవాఖాన మందు పోస్త."

"మీరు చెప్పేలోపే డాక్టర్‌కి నేను ఫోన్ చేస్తానమ్మా."

*

మళ్లీ వానలొచ్చాయి. అఖిల రోజూ తెల్లారగానే కోదాడలో బస్సెక్కింది. జీవన్ రోజూ రెయిన్‌కోటు పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి పుట్టిన పిల్లల్లో నీలం రిబ్బన్లవి వరసగా జబ్బుపడి, దవాఖాన మందుతో కోలుకున్నాయి. ఎర్రవాటిలో ఒకటీ అరా తప్ప అన్నీ దిట్టంగా పెరిగాయి.

"గెలిచాం జీవన్!" అఖిల ఇప్పుడు పెద్దదైపోయిన మిర్చిని కావలించుకుని గిర్రున తిప్పింది. అది అరిచి గోల చేసింది.

జీవన్ నవ్వాడు, కానీ ఆ నవ్వు నిలబడలేదు. "ఇగ రేపటిసంది రావు గదా?"

"రమ్మంటే వస్తాను."

"ఏమని రమ్మనాలె? మేకలన్నీ మంచిగున్నయి." వానలోకి చూశాడు. "నాకే మంచిగ లేదు. నిరుడు నువ్వు రాని దినాలు సుత బస్టాండ్ దాక పోయొస్తుంటి, ఉత్తగనే. నువ్వంటే నాకిష్టం అఖిలా."

అఖిల మిర్చిని వదిలేసింది. "ఈ ఒక్క ముక్క చెప్పడానికి రెండు వానాకాలాలా?"

"నీ మందు లెక్కనే. జర మెల్లగ బయటవడ్డది. మరి మీ ఇంట్ల ఏమంటరో?"

"మా అమ్మ ఎప్పుడో అడిగింది, వెళ్లేది మేకల కోసమా, మేకలాయన కోసమా అని. రమ్మంది మిమ్మల్ని."

"ముచ్చట్లు సాలు, కూర సల్లారుతున్నది!" లోపల్నుంచి లచ్చమ్మ కేకేసింది. ఆమె అంతా వింది మరి.

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. లచ్చమ్మ కోడికూర వడ్డించింది. ఎప్పుడూ జీవన్‌కే వచ్చే కార్జం, అంటే లివర్ ముక్క, ఆ రోజు అఖిల పళ్లెంలో పడింది.

"అమ్మా, నా కార్జమేది? బంతిల ఫరక్ ఉండొద్దంటివి గదనే!"

"అది మేకలకు అన్న," లచ్చమ్మ గరిటె దులిపింది. "కోడలికి అనలే."

అఖిల తల ఎత్తలేకపోయింది. కళ్లు చెమర్చాయి, పెదాలు నవ్వుతున్నాయి. ఆ ముక్కని రెండు చేసి, సగం జీవన్ పళ్లెంలో వేసింది.

"సగం మోతాదు చాలు, అత్తమ్మా!"