క్యాసెట్‌లో లేని తన్ను

ఈశ్వర్‌కు ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా ఆదివారం వచ్చిందంటే చేతికి వీడియో గేమ్ రిమోట్ తగలాల్సిందే. మిగతా ఆరు రోజులూ సిరొంచ బస్టాండు పక్కన తన ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చుని రైతులకు సాత్‌బారా అనే భూమి కాగితాలు తీసిస్తాడు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతాడు. ఏడో రోజు పాత ఆటల మీద వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెడతాడు. నాలుగు వేల మంది చూస్తారు. ఆ నాలుగు వేల మందికీ ఇంట్లో వేరే పని ఉండదా అని భార్య త్రివేణి ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉంటుంది.

అతను చేసేది ఒకటే రకం వీడియో. ఒకప్పుడు పార్లర్లలో రూపాయి బిళ్ల వేసి, నిలబడి ఆడే పెద్ద డబ్బా మెషీన్లు ఉండేవి. వాటిలోని ఫైటింగ్ ఆటలనే ఇంటి టీవీకి తగిలించుకునే చిన్న క్యాసెట్లుగా చేసి అమ్మేవారు. పండగలోపు బజారుకు తేవాలన్న తొందరేమో, ఇంటికొచ్చేసరికి ఆట చిక్కి సగమయ్యేది. వెనక నిలబడి చేతులూపే జనం ఉండేవారు కాదు. దెబ్బ పడితే గుండె అదిరే చప్పుడు పోయి, రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు వినపడేది. ఈశ్వర్ తెరను రెండుగా చీల్చి ఎడమవైపు పార్లర్ ఆట, కుడివైపు ఇంటి ఆట పెట్టి, ఇక్కడ ఇది కోశారు, అక్కడ అది మింగారు అని చూపిస్తాడు. పరీక్షలో కాపీ కొట్టేవాణ్ని పట్టుకున్నంత సంబరం అతనికి.

ఒక్క ఆటను మాత్రం ఏళ్ల తరబడి దాటేస్తూ వచ్చాడు. చూసేవాళ్లు అడిగీ అడిగీ విసిగిపోయారు. చివరికి నాగపూర్‌లో ఒకాయన దగ్గర ఆ ఆట పెద్ద డబ్బా ఇంకా నడుస్తోందని తెలిసి, వెళ్లి ఎడమవైపుకు కావలసిందంతా రికార్డు చేసుకొచ్చాడు. ఇక కుడివైపే మిగిలింది. దాని క్యాసెట్ ఇంట్లోనే ఉంది. అది చనిపోయిన తమ్ముడు మయూర్‌ది.

జూలై నెల, మూడు రోజులుగా ముసురు. త్రివేణి రేగుంటలో పుట్టింటికి పోయింది. అమ్మ లింగక్క అన్నం తిని లోపలి గదిలో నడుం వాల్చింది. మధ్యాహ్నం రెండింటికే ముందు గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. చెమ్మెక్కిన గోడలు తడిసిన గోనెసంచి వాసన వేస్తున్నాయి. చూరు నుంచి నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. ఈశ్వర్ దివాను ముందు నేల మీద కూర్చుని, పాత టీవీకి ఆట డబ్బా తగిలించి, ఫోన్ స్టాండుకు బిగించి రికార్డు నొక్కాడు.

ఇరవై నాలుగేళ్ల కిందట ఇదే గదిలో, ఇదే చోట మయూర్ కూర్చునేవాడు. అప్పుడు వాడికి పదకొండేళ్లు. ఆయాసం జబ్బు. బీడీ పొగ నిండిన గుండయ్య సేటు పార్లర్‌కు వాణ్ని పంపేది లేదని లింగక్క తెగేసి చెప్పింది. అందుకే నాన్న చంద్రపూర్ నుంచి ఆ క్యాసెట్ తెచ్చిచ్చాడు. మూడేళ్లు పెద్దవాడైన ఈశ్వర్ మాత్రం బడి ఎగ్గొట్టి పార్లర్‌లోనే పడి ఉండేవాడు. ఒకసారి తమ్ముడు కాళ్లా వేళ్లా పడితే చాటుగా వెంట తీసుకెళ్లాడు. అక్కడ తెర మీద పహిల్వాన్ బొమ్మ గాలిలోకి లేచి, రెండు చుట్లు తిరిగి తన్నడం చూసి మయూర్ నోరు తెరిచాడు. ఇంటికొచ్చి ఎంత నొక్కినా తన పహిల్వాన్ నేల విడవలేదు. నా దాంట్ల ఎందుకు వస్తలేదన్నా అని అడిగాడు.

వస్తే కదా. తొందరలో ఆ తన్నునే కోసేశారు. ఆ సంగతి గుండయ్య సేటు చెప్పగా ఈశ్వర్‌కు తెలుసు. అయినా వాణ్ని ఆటపట్టించాలని బుద్ధి పుట్టింది. కింద, పక్క, కింద, పక్క, వెంటనే రెండు బటన్లు కలిపి నొక్కు, నాకైతే వస్తుంది, నీకే చేతకాదు అన్నాడు. మయూర్ నమ్మాడు. అన్న ఏది చెప్పినా వాడు నమ్మేవాడు.

పదిహేను రోజులు నొక్కాడు. బొటనవేలు బొబ్బలెక్కింది. ఆ మీదట జ్వరం వచ్చింది, మలేరియా మెదడుకెక్కింది. పెద్దాసుపత్రికి నది దాటాలి, అప్పటికి ప్రాణహిత మీద వంతెన లేదు. నిండుగా పారే నదిలో పడవ వేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రేవులో, అమ్మ ఒడిలోనే ప్రాణం పోయింది. చివరిదాకా వాడి బొటనవేలు అమ్మ చీరకొంగు మీద కదులుతూనే ఉంది. కింద, పక్క, కింద, పక్క.

తమ్ముడికి అబద్ధం చెప్పిన సంగతి ఈశ్వర్ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఈ వీడియో పెట్టుకున్నదే అందుకు. ఆ తన్ను ఇందులో లేదని పదిమంది ముందు పైకి అనేస్తే గుండెలో ముల్లు ఊడుతుందని అతని ఆశ.

ఆట మొదలైంది. ఇద్దరు పహిల్వాన్‌లనూ ఎంచుకున్నాడు. ఎర్ర లాగువాడు తనవాడు. రెండో రిమోట్ ఎవరూ ముట్టకుండా నేల మీద ఉంది, కాబట్టి నీలం లాగువాడు దిష్టిబొమ్మలా నిలబడతాడు. ఎప్పుడూ చేసే పద్ధతే. కింద, పక్క, కింద, పక్క నొక్కాడు. ఎర్ర పహిల్వాన్ గుంజీ తీసి లేచాడు, అంతే. ఫోన్ వైపు తిరిగి, చూసిండ్రు గదా, అని మొదలుపెట్టబోయాడు.

టక్.

రెండో రిమోట్ వైపు చూశాడు. నేల మీదే ఉంది. తెర మీద నీలం పహిల్వాన్ కూర్చున్నాడు... లేచాడు. చెమ్మకు లోపల తీగలు అంటుకుని ఉంటాయనుకున్నాడు. టక్, టక్. కింద. పక్క. కింద. పక్క.

నీలం పహిల్వాన్ గాలిలోకి లేచాడు.

ఒక చుట్టు. రెండు చుట్లు. తన్ను వచ్చి ఎర్రవాడి గుండెలకు తగిలింది.

ఈ క్యాసెట్ లోపలున్న ప్రతి బొమ్మనూ ఈశ్వర్ వారం కిందటే కంప్యూటర్‌లో విప్పి చూశాడు. గాలిలో తిరిగే బొమ్మ అందులో ఒక్కటి కూడా లేదు. పైగా ఇప్పుడు చూసింది పార్లర్ ఆటలో ఉన్నట్టు కూడా లేదు. కాళ్లు సన్నగా ఉన్నాయి, మోకాలు తప్పు వైపుకు వంగింది. ఎప్పుడో ఒక్కసారి చూసినదాన్ని గుర్తున్నంత వరకు గీసినట్టుంది.

లేచి పారిపోవాలనిపించింది. కానీ నీలంవాడు వెనక్కి రెండుసార్లు గెంతి ఆగాడు. కొట్టే ముందు అలా రెండుసార్లు వెనక్కి గెంతడం ఒక్కరికే అలవాటు.

“మయూర్...” అన్నాడు ఈశ్వర్.

నీలంవాడు మళ్లీ రెండుసార్లు గెంతాడు.

ఈశ్వర్‌కు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. భయం ఎటో పోయింది. ఎర్రవాణ్ని కదలకుండా నిలబెట్టాడు. తమ్ముడు తన్నాడు, మళ్లీ తన్నాడు. ప్రతిసారీ గాలిలో ఆ రెండు చుట్లూ, ఆ వంకర మోకాలూ. చిన్నప్పుడు ఒక్కసారి కూడా వాణ్ని గెలవనివ్వలేదు. ఇప్పుడు వాడు గెలుస్తుంటే అన్న కడుపు నిండిపోయింది. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. కానీ ముల్లు ఇంకా లోపలే ఉంది, ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

“మయూర్... ఆ తన్ను నీ క్యాసెట్ల లేదురా,” అన్నాడు మెల్లగా. “నేనే ఉత్తగ చెప్పిన. నువ్వు ఎంత నొక్కినా రాదు. నన్ను మాఫ్ చెయ్యిరా.”

నీలం పహిల్వాన్ నిలబడిపోయాడు.

చూరు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

టక్. టక్. కింద, పక్క, కింద, పక్క. పహిల్వాన్ గుంజీ తీసి లేచాడు. అంతే. మళ్లీ నొక్కాడు. నేల విడవలేదు. మళ్లీ. మళ్లీ. చప్పుడు వేగమైంది, టకటకటక... పహిల్వాన్ కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. గదిలోకి పుల్లటి చెమట వాసన వచ్చింది. జ్వరం వచ్చినవాడి దుప్పటి వాసన అది.

“అది కాదురా... ఉంది, ఉంది, నొక్కు, వస్తది...”

రాలేదు. ఈశ్వర్ ఇక చూడలేక టీవీ స్విచ్ ఆపాడు. తెర నల్లబడింది. టకటక ఆగలేదు. ఆట డబ్బాకు కరెంటు తీశాడు. ఆగలేదు. రెండు రిమోట్ల వైర్లనూ పట్టి పీకేశాడు. పీకేసిన రెండో రిమోట్ నేల మీద ఊరికే పడి ఉంది, దాని బటన్లు ఏవీ కదలడం లేదు, అయినా చప్పుడు మాత్రం దాని దగ్గరే... టకటకటకటక...

ఒక్కసారిగా ఆగిపోయింది.

వెనక ఎవరో నిలబడ్డారు. తిరిగి చూస్తే లోపలి గది గుమ్మంలో లింగక్క. జుట్టు విడిపోయి ఉంది, ఇప్పుడే నిద్ర లేచినట్టుంది. ఆమె ఈశ్వర్‌ను చూడటం లేదు. దివాను వైపు చూస్తోంది.

“వానికి ఏం చెప్పినవురా?” అంది.

ఈశ్వర్ కూడా అటు తిరిగాడు, దివాను ఖాళీగా ఉంది.

“ఇన్నేండ్ల సంది రోజు పగటిపూట ఇంటున్న. మంచిగ ఆడుకుంటుండె. ఆ టకటక ఇనుకుంటనే నాకు నిద్ర పడ్తది.” ఆమె గొంతు తగ్గించింది. “గిప్పుడెందుకు గట్ల ఏడుస్తుండు?”

ఈశ్వర్ చెవులు రిక్కించాడు. వాన చప్పుడు ఉంది, అమ్మ ఊపిరి చప్పుడు ఉంది. ఏడుపు మాత్రం అతనికి వినపడలేదు.

తన రిమోట్ ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు గమనించాడు. దాని వైరు నేల మీద చుట్టలు పడి ఉంది, అవతలి కొస దివాను కింది చీకట్లో ఉంది. ఒక చుట్ట విప్పుకుంది. తర్వాత ఇంకొకటి. వైరు నిదానంగా సాగి, నేల నుంచి లేచి, బిగిసింది. ఒకసారి చిన్నగా లాగి వదిలినట్టయింది. ఈశ్వర్ రిమోట్ వదిలేద్దామనుకున్నాడు, వేళ్లు ఊడి రాలేదు. మళ్లీ లాగినట్టయింది, ఈసారి రెండు చేతులతో.