నలభై ఒకటో సంచి

రూపశ్రీకి మునికుమార్ నోటి నుంచి వచ్చిన మొదటి మాటే చీవాటు. అలిపిరి మెట్ల దారి పక్కన తంగేడు చెట్టుకు వేలాడుతున్న పసుపు గుడ్డసంచికి దండం పెట్టుకుని, ఆమె తన ముడుపు కూడా పక్కనే కడుతోంది.

"అది మొక్కుబడి కాదమ్మా. గింజలు రాలిపోకుండా కట్టిన సంచి. నా రీసెర్చ్."

"మరి పసుపు గుడ్డ ఎందుకు కట్టినారు సార్?" తల ఎత్తకుండానే అడిగింది.

అతను ఆ గుడ్డను తిరుచానూరులో చవగ్గా దొరికిందని కొన్నాడంతే. నెల తిరిగేసరికి కొండెక్కే భక్తులు ఆ చెట్ల నిండా ముడుపులు కట్టేశారు. కొందరు అతని సంచులే విప్పి కుంకుమ పోశారు.

ఐరాల పక్క పల్లె నుంచి వచ్చిన రూపశ్రీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అతని దగ్గరే చేరింది. పని ఒకటే. కొండ అడుగున, నడుమ, పైన పెరిగే తంగేడు కాయల్లో గింజలు లెక్కపెట్టాలి. అడుగున ఎర్రమట్టిలో కాయకు పదిహేను. నడుమ పది. పైన రాతిసందుల్లో ఆరు. ఒకసారి ఐదే ఉంటే ఆమె ఆరని రాసింది. పట్టుబడింది.

"పాపమనిపించింది సార్."

"పాపమనిపించినా ఐదు ఐదే. సార్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాల?"

మరుసటేడు వాన మొహం చాటేసింది. కొండ బూడిదరంగుకు తిరిగింది. మాఘంలో మునికుమార్ కొండపైన లెక్కకు గుర్తుపెట్టుకున్న చెట్ల ప్లాటు దగ్గర బండ మీంచి జారి పడ్డాడు. గాయం చీము పట్టింది. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆసుపత్రిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నర్సుతోనూ మాట్లాడలేదు. చూడటానికి రావద్దని రూపశ్రీకి కబురు పంపాడు.

కాయలు పగిలే రోజులు దగ్గరపడ్డాయి. పగిలి గింజలు కలిసిపోకముందే సంచులు దింపకపోతే అతని మూడేళ్ళ లెక్క మట్టిపాలు. రూపశ్రీ ఒంటరిగా మూడు రోజులు ఎక్కి దిగింది. నోట్‌బుక్కు ప్రకారం నలభై సంచులు. ఆఖరిది దింపాక తలెత్తితే, ప్లాటు దాటి బండ అంచున కొమ్మకు ఇంకొకటి కనిపించింది. దాని మీద నంబరు లేదు. లోపల గింజల్లేవు. అతని రాతతో చీటీ ఉంది.

"రూపశ్రీ ఒప్పుకుంటే ఇద్దరం నడిచి కొండెక్కుతాం."

కింద తేదీ అతను పడిన రోజుది. లెక్క కోసం కాదు, దీన్ని కట్టడానికి ఎక్కాడన్నమాట. ఆమె ఆ బండ మీదే కూలబడి చాలాసేపు ఏడ్చింది.

మూడు రోజులకు ఆసుపత్రికెళ్ళి నలభై సంచులూ అతని మంచం మీద పెట్టింది.

"పైన ఎంత?" గోడకే అడిగాడు.

"కాయకు మూడు. నాలుగని రాయలేదు."

అతని భుజం కదిలింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"నలభై ఒకటోది కూడా చూసినాను."

అతను దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. "పారేయ్. నడిచి ఎక్కుతానని రాసినా. ఇంక యాడ నడిచేది?"

"మొక్కు తీరకుండా ముడుపు దించకూడదు. ఆ కొమ్మకే మళ్ళా కట్టేసి వచ్చినాను."

"మీ నాయనకు ఏం చెప్తావు రూపా? ఒంటికాలోడిని చూపిస్తావా?"

"చెప్పినాను. రెండు రోజులు ఆయన అన్నం తినలేదు. ఈ పొద్దు ఆయనే నన్ను బస్టాండులో దించిపోయినాడు." ఆమె మంచానికి దగ్గరగా జరిగింది. "మోకాలి మెట్టు కాడ రెండు కాళ్ళుండేవాళ్ళు కూడా మోకాళ్ళ మీదే ఎక్కుతారు. డాక్టరు మీకు మోకాలు మిగిల్చినాడు కదా."

"ఆడిదాకా?"

"నా భుజం ఉండాది. నేను ఒప్పుకున్నాను కుమార్. ఇంక మొక్కు తీర్చాల్సింది నువ్వే."

పదిహేను రోజులుగా గోడ వైపు ఉన్న మునికుమార్ ఇటు తిరిగాడు. గడప దగ్గర కనిపించిన నర్సును పిలిచి, గాయం మానడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు.