ఎనిమిది దిమ్మలు

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి కె.కోటపాడు రోడ్డు చెక్‌పోస్టు దగ్గర దిలీప్‌ని కాల్చేశారు. అతను ఆటో డ్రైవరు. ఆటోలో ఎనిమిది బెల్లం దిమ్మలున్నాయి. సైనికులు కాగితాలు అడగలేదు. దిమ్మలు దించమన్నారు. దిలీప్ చెరుకు తోటలోకి పరిగెత్తాడు. ఇరవై అడుగులు వెళ్ళగలిగాడు.

ఆ ఎనిమిదింటిలో ఒకదాని కడుపులో బొటనవేలంత స్టీలు క్యాప్సూల్ ఉంది. అందులో ఒక కాగితం. కాగితం మీద నలభై రెండు పేర్లు.

పద్నాలుగు నెలల క్రితం ఓడల్లో వచ్చి విశాఖ రేవుని పట్టుకున్న సైన్యం తనని తాను కోస్టల్ కమాండ్ అని పిలుచుకుంటుంది. చోడవరంలో అందరూ ఓడోళ్ళు అంటారు. వాళ్ళకి వ్యతిరేకంగా రహస్య ఉద్యమంలో పనిచేస్తున్న ఆ నలభై రెండు మందిలో సైనికుడు ఒక్కడూ లేడు. టైలర్లు, కరెంటు లైన్‌మెన్, ఆశా వర్కర్లు, పాల కేంద్రం వాళ్ళు. కమాండ్ కన్ను వాళ్ళ మీద పడుతోందని తెలిసి, దేవరాపల్లి మీదుగా కొండల్లోకి తరలించాలనుకున్నారు. ఆ జాబితా దేవరాపల్లి చేరలేదు.

ఉమామహేష్ ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తాడు. ఉద్యమంలో ఏజెంటు. బుధవారం అతనికి జగ్గయ్య కొట్టు నుంచి కబురొచ్చింది.

జగ్గయ్య బెల్లం వర్తకుడు. తండ్రి పోయినప్పుడు ఉమామహేష్‌ని తన కొట్లో కాటా దగ్గర నిలబెట్టి పని నేర్పినవాడు. ఉద్యమంలోకి తెచ్చిందీ ఆయనే. ఉమామహేష్ వెళ్ళేసరికి ఒక రైతు తెచ్చిన దిమ్మ బల్ల మీదుంది. జగ్గయ్య ఎడమ బొటనవేలి గోటితో దాని మూల గిల్లి నోట్లో వేసుకున్నాడు. ఆ గోరు ఆయన అందుకోసమే పెంచాడు. ఏ దిమ్మ కనపడినా ఆయన చెయ్యి ముందు ఎడమ మూలకి వెళుతుంది.

"రెండో రకం. పట్టుకుపో," అని రైతుని పంపి, షట్టరు సగం దించాడు.

"దిలీప్‌గాడు పోయేడురా మహేషూ."

"తెలుసు మావయ్యా. నువ్వప్పుడెక్కడున్నావు?"

"అనకాపల్లి మార్కెట్లో. ఆ దిమ్మల్ని నేను కళ్ళతో సూడనేదు. సిన్నతల్లి బుచ్చయ్యపేటలో తను బెల్లం వండే పెనం కాడే ఆటోకెత్తింది."

"మరి ఓడోళ్ళకి ఎవరు సెప్పేరు?"

"ఇంకెవరు? మేజరు జీపులో తిరిగే గుంట."

ప్రత్యూష కమాండ్‌కి ఇంటర్‌ప్రెటర్. నల్ల కళ్ళద్దాలు, లిప్‌స్టిక్, మేజర్ పక్క సీటు. జీపు బజార్లోంచి వెళితే ఆడవాళ్ళు ఉమ్మేసేవారు. ఆమె తమ మనిషేనని తెలిసినవాళ్ళు ముగ్గురు: జగ్గయ్య, చిన్నతల్లి, ఉమామహేష్.

"నిజంగా ఆమేనా?"

"నేనెప్పుడైనా నీకు తప్పు సెప్పేనేటి?" జగ్గయ్య గొంతు తగ్గించాడు. "విను. దిమ్మ ఇంకా పగలగొట్టనేదు. క్యాప్సూల్ కుడికి తిప్పితే లోపలున్న యాసిడ్ కాగితాన్ని తినేస్తాదని ఆళ్ళకి తెలిసిపోనాది. శుక్రవారం పదకొండుకి విశాఖ నుంచి కల్నలు ఎక్స్‌పర్టుని తెస్తాడు. పావుతక్కువ పదకొండుకి నువ్వు మన మార్కెట్ యార్డులో ఆళ్ళ ఆఫీసుకెళ్ళు. ఆళ్ళ రేషను కాటా రిపేరుకి నీ పేరే సెప్పించేను. ముందు ఆ గుంట పని సూడు. తర్వాత దిమ్మ."

ఒక సీసా చేతిలో పెట్టాడు. కంటి చుక్కల మందు సీసా అంత ఉంది.

"టీలో నాలుగు సుక్కలు సాలు."

ఉమామహేష్ సీసా జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం చిన్నతల్లికి ఒక్క ముక్క చెప్పాడు. "అప్పా, శుక్రవారం రేషను లైనులో ముందుండు. కాటా తప్పు సూపిస్తే గోల సెయ్యి."

"గోల సెయ్యడానికి నాకు కాటా కావాలేటి?" అంది చిన్నతల్లి.

శుక్రవారం అతను పది ఇరవైకే గేటు దగ్గరున్నాడు. ఎలక్ట్రానిక్ కాటా ఆన్ చేశాక పావుగంట వేడెక్కనిస్తే గాని సరిచేయడానికి వీల్లేదు. జగ్గయ్య రాళ్ళ కాటాల కాలం మనిషి. ఆయనకి ఈ పావుగంట సంగతి తెలియదు.

గేటు దగ్గర సైనికుడు చేతిలోని కాగితం చూసి, అతని ముఖం చూసి, లోపలికి పొమ్మన్నాడు. పద్నాలుగు నెలల్లో అతని సంచి వెతకకుండా పంపడం అదే మొదటిసారి.

అతను రేషను కాటా ఆన్ చేసి, పది కిలోలకి ఎనిమిది చూపించేలా మార్చి, ఆఫీసులోకి వెళ్ళాడు. మేజర్ కల్నల్‌కి ఎదురెళ్ళాడు. గదిలో ప్రత్యూష ఒక్కతే ఉంది.

"కాటా ఎంత తేడా చూపిస్తోంది?" అడిగింది.

"మూడు వందల గ్రాములు. తూర్పు గాలికి."

కోడ్ సరిపోయింది. ఆమె ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో టీ పోసి, పంచదార కోసం బీరువా వైపు తిరిగింది. ఉమామహేష్ సీసా మూత తీశాడు.

అప్పుడు గోడవారగా బెంచీ మీదికి చూశాడు. ఎనిమిది దిమ్మలు వరసగా ఉన్నాయి. ఒకదానికి ఎర్ర రిబ్బను కట్టారు. ఎనిమిదింటికీ ఎడమ మూల గిల్లి ఉంది.

మూత పెట్టేశాడు.

"వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

"ఏడో నంబరు. వాళ్ళ ఇన్ఫార్మరు. ఫైల్లో పేరుండదు, నంబరే." ఆమె పంచదార డబ్బా బల్ల మీద పెట్టింది. "మంగళవారం మధ్యాహ్నం వాణ్ణి తెచ్చారు, ఏ దిమ్మో గుర్తుపట్టడానికి. లోపలున్నంతసేపూ హెల్మెట్ తియ్యలేదు. అద్దం మాత్రం కొంచెం ఎత్తి ఏదో నోట్లో వేసుకుంటూ ఉన్నాడు. ఎనిమిదిసార్లు. నాకు వింతగా అనిపించింది."

ఉమామహేష్ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం అడిగాడు? బదులుగా?"

"ఇక్కడి నుంచి దేవరాపల్లి దాకా బెల్లం పర్మిట్లన్నీ ఒక్కడికే. వాడెవడో కనుక్కుందామని నేను ఫైళ్ళు తిరగేస్తున్నాను. అది వాడి చెవిన పడినట్టుంది." ఒక కాగితం అతని ముందుకి తోసింది. "ఇది కూడా వాడి సమాచారమే. పొద్దున్నే టైపు చేశాను."

గార్డులకి ఆర్డరు. మెకానిక్ వేషంలో ఒకడొస్తాడు. లోపలికి రానివ్వండి. పదకొండు దాటేవరకు బయటికి పంపకండి.

ఉమామహేష్ దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత సీసా తీసి ఆమె కప్పు పక్కన పెట్టాడు.

"ఇది మీకోసం ఇచ్చేడు. ముందు మీరు. తర్వాత నేను."

"ఎవరు?"

"మా మావయ్య."

ఆమె సీసా వైపు చూసింది. తన కప్పులో టీ తాగింది. "పది నలభై ఎనిమిది అయింది. కానివ్వండి."

రిబ్బను దిమ్మని తలకిందులు చేసి, స్క్రూడ్రైవరుతో అడుగున తొలిచాడు. క్యాప్సూల్ చేతికొచ్చింది. ఎడమకి మూడు చుట్లు. కాగితం బయటికి తీసి నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు.

"వెళ్ళండి ఇక," అంది ప్రత్యూష.

"ఖాళీగా పెడితే ఇంకో జాబితా కోసం మళ్ళీ ఆయన్నే పంపుతారు."

జేబులోంచి కాటా స్లిప్పు ఒకటి తీశాడు. పెన్ను పట్టుకున్నాడు. చెయ్యి కదలలేదు. మొదటి రోజు కొట్లో జగ్గయ్య చెప్పిన మాట గుర్తొచ్చింది. తూకం వేసేటప్పుడు పళ్ళెం మీద సెయ్యి పెట్టకూడదురా. ఎవడికైనా సరే, ఉన్నదే సూపించాలి.

దిలీప్ ఇరవై అడుగులు పరిగెత్తాడు.

ఉమామహేష్ రాశాడు. 'నాయకుడు: జగ్గయ్య, బెల్లం వర్తకుడు, చోడవరం.'

క్యాప్సూల్ మూసి దిమ్మలో పెట్టాడు. తొలిచిన బెల్లం టీతో తడిపి రంధ్రం పూడ్చాడు. "మీరు కూడా రండి."

"నేను వెళ్ళిపోతే అది వాళ్ళకి చదివి చెప్పేదెవరు?" ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. "మంచి ఇంటర్‌ప్రెటర్ లేకపోతే అపార్థాలు వస్తాయి."

బయట చిన్నతల్లి గొంతు లేచింది.

"ఒరే బాబూ! పది కిలోల బియ్యానికి ఎనిమిది సూపిస్తందేటి మీ కాటా? మా దేశం తిన్నది సాలక మా బియ్యం కూడా తింటన్నారేటి? సూడండర్రా, రండి అందరూ!"

లైను చెదిరింది. అరవై మంది కాటా మీద పడ్డారు. గేటు దగ్గరి సైనికులు అటు పరిగెత్తారు. ఉమామహేష్ చొక్కా విప్పి సంచిలో కుక్కి, ఒక బస్తా నెత్తికెత్తుకుని కళాసీల వెనక నడిచాడు. బస్తా మోసేవాడి ముఖం ఎవరూ చూడరు. ఇదీ జగ్గయ్య నేర్పిందే.

పది యాభై ఎనిమిదికి గేటు దాటుతుంటే జగ్గయ్య లోపలికి వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా. హెల్మెట్ లేదు. పర్మిట్లు అందుకునే రోజు. వాచీ చూసుకుంటున్నాడు. మోచెయ్యి బస్తాకి తగిలితే, "సూసుకు నడవరా," అన్నాడు.

ఉమామహేష్ బస్తా సర్దుకుని నడిచాడు.

పదకొండు పదికి జీపు బయటికొచ్చింది. వెనక సీట్లో ఇద్దరు సైనికుల మధ్య జగ్గయ్య ఉన్నాడు. ముందు సీట్లో ప్రత్యూష తిన్నగా ముందుకి చూస్తోంది. ఒకావిడ జీపు మీద ఉమ్మేసింది.

రోడ్డవతల చిన్నతల్లి ఉమామహేష్ చెయ్యి పట్టుకుంది.

"అదేటిరా, మీ మావయ్యని తీసుకుపోతన్నారు! ఎవడో అమ్మేసేడు!"

"అవునప్పా."

"అంత నమ్మకంగా ఉన్న మనిషిని! ఎవడికి మనసొచ్చింది?"

అతను తన చేతిని చూసుకున్నాడు. గోట్లో దిమ్మ తొలిచినప్పటి బెల్లం ఇంకా ఉంది. నోట్లో పెట్టుకున్నాడు.

మొదటి రకం. చిన్నతల్లి బెల్లం గురించి జగ్గయ్య ఎప్పుడూ అదే చెప్పేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన ఎవరినీ మోసం చెయ్యలేదు.