ఎడమకి లాగని కారు

కాఫీ చల్లారిపోతున్నా చిట్టి కప్పు ముట్టుకోలేదు. వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పాత కార్లు బాగుచేసే షెడ్డు నడిపే మనిషికి బ్రేకులు మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. కానీ ఈ కారు నాన్నది. వయసులో చిట్టి కంటే పెద్దది. ఇంట్లో దాన్ని ముసలమ్మ అంటారు.

ముసలమ్మకి మొదటినుంచీ డ్రమ్ము బ్రేకులే. ఈమధ్య తొక్కితే చాలు, ఎడమకి లాగుతోంది. వానలో అయితే మరీను. సరిచేస్తానని చిట్టి ఎన్నిసార్లు అడిగినా, బస్సు డ్రైవరుగా రిటైరైన నాన్నది ఒకటే పాట: “దాని జోలికి రాకు. నా చేతికి అలవాటే.” ఆఖరికి అమ్మే మొండికేసింది. బ్రేకులు మార్పించేదాకా ఆ కారెక్కనని తెగేసి చెప్పింది. నాన్న మొహం మాడ్చుకుని తాళాలు ఇచ్చాడు. చిట్టి సెలవురోజంతా షెడ్డులో కూర్చుని ముందు చక్రాల డ్రమ్ములు ఊడబెరికి, డిస్కులు బిగించి, గొట్టాల్లో గాలి తీసి, తనే నడిపి చూసుకుని మరీ తెచ్చింది.

“ఇక పోనీ నాన్నా, గీత గీసినట్టు ఆగుతుంది చూడు,” అంది, స్టీరింగ్ ముందున్న నాన్న పక్కసీట్లో కూర్చుంటూ.

సందు చివరిదాకా బాగానే వెళ్లారు. తిరిగొచ్చి ఇంటి ముందు ఆపబోయినప్పుడే వచ్చింది చిక్కు. కారు నెమ్మదించింది. నాన్న ఉలిక్కిపడ్డట్టు స్టీరింగ్ వంక చూశాడు. కాలెత్తి మళ్లీ గట్టిగా తొక్కాడు. ముసలమ్మ ఒక్క ఉరుకు ఉరికి గేటు స్తంభాన్ని కొట్టింది. లైటు పగిలి గాజు పెంకులు వాకిలంతా పడ్డాయి.

అమ్మ లబలబలాడుతూ పరుగెత్తుకొచ్చింది. “ఏమండీ, దెబ్బలేం తగల్లేదు కదా?”

“నాకేం కాలేదు. ఇది బిగించిన కొత్త బ్రేకులు పట్టలేదు, అంతే,” అన్నాడు నాన్న, దిగి విసురుగా లోపలికి వెళ్తూ.

చిట్టి చప్పున కారు దిగింది. బోల్టు ఏదైనా వదిలేసిందా? గొట్టంలో గాలి మిగిలిపోయిందా? ఒక పొరపాటు చాలు, నాన్న పోయుండేవాడు. చక్రాల వెనక తడిమింది. ఎక్కడా నూనె కారడం లేదు. తనే ఎక్కి సందులో అటూ ఇటూ నడిపింది. తొక్కిన ప్రతిసారీ కారు తిన్నగా ఆగింది. మనసు మాత్రం ఆగలేదు. ఇంకోసారి తొక్కుదామని కాలు చాపితే కిందేదో అడ్డొచ్చింది. వంగి తీసింది. అది నాన్న కుడికాలి చెప్పు.

గుమ్మం దగ్గర ఎడమకాలిదొక్కటే ఉంది. అక్కణ్ణుంచి హాల్లోకి, గచ్చు మీద, అడుగడుగుకీ ఎర్రటి మరక.

హాల్లో అమ్మ అప్పుడే మొదలుపెట్టింది. “ఇంత చదువూ చదివి, ఇంత షెడ్డూ పెట్టి, కన్నతండ్రి బండికి…”

“ఒక్క నిమిషం ఆగమ్మా. నాన్నా, బ్రేకులు బాగానే పట్టాయి. నీ కాలు బ్రేకు మీద లేదు.”

“నాకు నేర్పుతున్నావా?” నాన్న గొంతు పెంచాడు. “జీవితమంతా బస్సు నడిపాను! ఒక్క గీత పడనివ్వలేదు. పాతవి మళ్లీ బిగించెయ్!”

“బిగిస్తాను. ముందు నీ కుడికాలి చెప్పెక్కడుందో చెప్పు.”

“ఎక్కడుంటుంది? గుమ్మం దగ్గరే విడిచాను.”

చిట్టి చేతిలో ఉన్నది చూపించింది. నాన్న దాన్ని చూశాడు. తర్వాత కిందకి, తన కాలివైపు చూశాడు. పాదం కింద రక్తం మడుగు కట్టింది.

చిట్టి కింద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. అరికాల్లో వేలెడంత గాజు పెంకు దిగబడి ఉంది. “కళ్లు మూసుకో నాన్నా. కాస్త ఓర్చుకో,” అంది. పళ్లు బిగించి లాగింది. పెంకు వచ్చేసింది. కొంగుతో గాయాన్ని గట్టిగా అదిమి పట్టుకుంది.

నాన్న ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

“కానియ్ అమ్మా. ఎంతసేపు? లాగెయ్,” అన్నాడు.

చిట్టికి దుఃఖం ఆగలేదు. పాదం మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకి నాన్న కళ్లు తెరిచాడు. పక్కన నేల మీదున్న పెంకును చూశాడు.

“ఎన్నాళ్లనుంచి?” అంది అమ్మ సన్నగా.

“వానలకి ముందునుంచి. చెబితే తాళాలు లాక్కుంటారని…” నాన్న తన అరికాలి వంక చూసుకున్నాడు. “కాలికి తెలియకపోయినా చేతులకి తెలిసేది. ఎడమకి లాగిందంటే బ్రేకు పడినట్టు. ఇవాళ లాగలేదు. పడలేదనుకుని మళ్లీ తొక్కాను. ఎక్కడ తొక్కానో నాకే తెలీదు. నీ పని తప్పు కాదని తెలిసీ నీ మీదకి నెట్టేశాను తల్లీ.”

“లాక్కునేదాన్నే,” అంది చిట్టి కళ్లు తుడుచుకుంటూ. “ఎంత ఏడ్చినా లాక్కునేదాన్నే.”

నాన్న జేబులోంచి రుమాలు తీసి ఆమెకి ఇవ్వబోయి, మళ్లీ తనే ఆమె మొహం తుడిచాడు.

“డాక్టరు దగ్గరికి పోదాం పద. నువ్వే నడుపు,” అన్నాడు. “నేను వెనక మీ అమ్మ పక్కన కూర్చుంటాను. ఆవిడకిప్పుడు భయం లేదుగా, కారు తిన్నగా ఆగుతుంది.”