దాణా డ్రమ్ములో దొరికిన సంబంధం

సింగరయ్య గేదెల పాల గురించి రేపల్లెలో ఎవర్ని అడిగినా చెబుతారు. గిన్నెలో గరిటె నిలబెడితే మర్నాటి దాకా పడేది కాదు. పిల్లి మీగడ మీద నడిచి అవతలి అంచుకు చేరేది. నమ్మకపోతే పిల్లినే అడగండి.

అలాంటి గేదెలు మేత మానేశాయి. పాలు సగానికి పడ్డాయి. తెనాలి మిల్లువాళ్లు బూజు మొక్కజొన్న కలిపి దాణా పంపారని సింగరయ్య మండిపడ్డాడు. ఆయన పాల కేంద్రానికి ప్రెసిడెంటు. పరీక్షలో తేలితే ఈ చుట్టుపక్కల ఒక్క బస్తా దిగనివ్వనన్నాడు.

ఆ మిల్లు దుర్గాశ్రీనివాస్‌ది. తండ్రి చేతి నుంచి ఈమధ్యే అందుకున్నాడు. రేపల్లె బేరం పోతే మిల్లు మూతే. అందుకే కుట్టు విప్పని బస్తా ఒకటి బైకు మీద వేసుకుని బాపట్లలోని ల్యాబుకు వచ్చాడు. దారంతా తుఫాను వాన. ఉన్న ఒక్క రెయిన్‌కోటు బస్తాకు తొడిగి, తాను తడిశాడు.

కౌంటరు దగ్గర తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పేషెంటు ఎవరండి?"

"బస్తానండి. నాకు ఉత్తి తుమ్ములే."

ఆమె పేరు సునీల. నవ్వు ఆపుకోవడానికి పెన్ను కొరికింది. ఆ పెన్ను ఎంత పుణ్యం చేసుకుందో అని మనవాడు అక్కడే నిలబడిపోయాడు.

"ఏం చేస్తారండి దీన్ని?"

"పిండి చేసి డీఎన్‌ఏ తీస్తాం. విషం తయారుచేసే జన్యువున్న బూజు ఉంటే, కంటికి కనపడకపోయినా పీసీఆర్ మెషిన్‌లో దొరికిపోతుంది. ఆ తర్వాత విషం ఎంతుందో ఇంకో టెస్టు."

"మనిషి మనసులో ఏముందో చెప్పే మెషిన్ లేదాండి?"

"మీకు మెషిన్ ఎందుకండి, మొహం చాలు."

మర్నాడు రిపోర్టు వచ్చిందా అని అడగడానికి వచ్చాడు. రాదని ముందే చెప్పాను కదా అంది. చెప్పారు కానీ వినపడలేదండి, చెవిలో వాననీళ్లున్నాయన్నాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న బడ్డీలో టీ తాగుతుండగా సింగరయ్య దాణా సంచితో ఆటో దిగాడు.

"మన డ్రమ్ములోది తెచ్చానమ్మాయ్," అని సునీలకు అందించి వెళ్లిపోయాడు.

దుర్గాశ్రీనివాస్ గ్లాసు కింద పెట్టేశాడు.

"మీ నాన్నగారా?"

"అవునండి."

"ఇంకేం, రిపోర్టు ఇంట్లోనే రాసేసి ఉంటారు."

సునీల మొహంలో నవ్వు ఆరిపోయింది.

"శాంపిళ్లకి నంబర్లు మా వినోద్ కుమార్ సార్ వేస్తారండి. ఏది ఎవరిదో నాకూ తెలీదు. మీరిక వెళ్లండి."

తెనాలి వెళ్లేదాకా తనను తాను తిట్టుకున్నాడు. ఆ తిట్లు వినలేక బైకు చుండూరు దగ్గర రెండుసార్లు ఆగిపోయిందంటారు.

రిపోర్టు వచ్చిన రోజు ఆమె ఫోన్లో ఒకే ముక్క చెప్పింది.

"పొద్దున్నే రేపల్లె రండి."

సింగరయ్య ఇంటి వసారాలోనే పాల కేంద్రం. జనం క్యాన్లతో వరుసలో ఉన్నారు. అందరి ముందూ సునీల తెల్లకోటు వేసుకునే రిపోర్టు చదివింది. మిల్లు బస్తాలో ఏ దోషమూ లేదు. డ్రమ్ములోని దాణాలో మాత్రం బూజూ ఉంది, విషమూ ఉంది.

సింగరయ్య కళ్లెర్రజేశాడు.

"నా కూతురివై ఉండి మిల్లువాడి వైపా?"

"గేదెల వైపు నాన్నా. డ్రమ్ము బోర్లించు."

తల్లి గంగరత్నం అడ్డొచ్చింది.

"దాణా డ్రమ్ము అడుగు కనపడకూడదే. లక్ష్మి వెళ్లిపోద్ది. మీ నాయనమ్మ నాటి నుంచీ పాతదాని మీదే కొత్తది పోస్తున్నాం."

దుర్గాశ్రీనివాస్ చొక్కా చేతులు మడిచి డ్రమ్మును ఎత్తి బోర్లించాడు. అడుగు నుంచి పచ్చటి బూజు గడ్డ ఒకటి ఊడిపడింది. తుఫాను తేమకు గట్టిపడి, సింగరయ్య మీసాల కంటే పాతదానిలా ఉంది.

సింగరయ్య దాన్ని కాలితో పొర్లించి చూశాడు. తర్వాత ఆ దాణా తిన్న తన గేదెల పాల క్యాను తెచ్చి అందరూ చూస్తుండగా మురుగుకాలవలో ఒంపేశాడు.

"తప్పు నాది. మిల్లుది కాదు. ఈ మాట నేనన్నానని ఊరంతా చెప్పండి. మీ ఇళ్లల్లో డ్రమ్ములు కూడా ఇవాళే కడగండి."

వరుసలోంచి ఒకాయన అక్కడికక్కడే పది బస్తాలు చెప్పాడు. వెనకాయన ఇరవై అన్నాడు. దుర్గాశ్రీనివాస్‌కు ఒక్కటీ వినపడలేదు. సునీల ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఆ రోజు నోరు జారానండి. మిల్లు నిలబడింది కానీ, మీరు నాతో మాట్లాడకపోతే నేను నిలబడలేనండి."

సింగరయ్య గొంతు సవరించుకున్నాడు.

"అబ్బాయ్, ఆదివారం మీ నాన్నగారిని తీసుకురా. దాణా గురించి కాదు."

"నన్నెవరూ అడగలేదు నాన్నా," అంది సునీల.

"అడుగుతున్నానండి," అన్నాడు దుర్గాశ్రీనివాస్, పాలవాళ్లందరి ముందూ.

ఆమె అతని మోచేతికంటిన దాణా పిండిని తెల్లకోటు అంచుతో తుడిచింది.

"సరేనండి."

జనం క్యాన్ల మూతలు తీసి వాయించారు. ఆ మోతకు పిల్ల అత్తారింటికి బయల్దేరిందనుకుని రేపల్లె ప్యాసింజరు టైముకు ముందే కూత పెట్టి తెనాలికి లగెత్తింది. రైల్వేవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు.