నాగులబావిలో ప్రయాణికులు లేరు

మధ్యాహ్నం మూడు గంటల వేళ నాగులబావి పాతాళ స్టేషన్‌లో మంజీర కాలు పెట్టగానే, ఆమె నిలబడ్డ అడుగుపలక లేతపచ్చగా వెలిగింది. చాదర్‌ఘాట్ గడిలో అప్పటికే పదకొండు మంది ఉన్నారు. ఆమెతో పన్నెండు. గోడ మీద అంకె మారింది. సొరంగంలో ఎక్కడో రైలు కదిలిన చప్పుడు వినిపించింది.

హైదరాబాదులో టికెట్లూ రైలువేళలూ పోయి తొమ్మిదేళ్లయింది. నగరం కిందున్న స్టేషన్లన్నిటినీ రద్దీదర్శి అనే ఒక్క యంత్రమే నడుపుతోంది. ఎక్కడికి పోదలచినవారు ఆ పేరున్న గడిలో నిలబడితే చాలు. నేలంతా పరిచిన అడుగుపలకలు మనిషి బరువునూ నడకనూ పోల్చుకుంటాయి. ఎనిమిది మంది చేరితే రైలు వస్తుంది. తలకొక్క సెకను చొప్పున తలుపులు తెరుచుకుంటాయి. ఆఖరి ప్రయాణికుడు వెళ్లిపోగానే దీపాలు ఆరిపోయి, గాలిపంకాలు ఆగిపోయి, పైమెట్ల దగ్గరి ఇనుప తలుపులు మూతపడతాయి. మనిషి లేనిచోట వెలుగెందుకు, గాలెందుకు? దీనివల్ల ఎంత కరెంటు మిగిలిందో బడిపాఠాల్లో కూడా చెబుతున్నారు.

మంజీర తన నాలుగేళ్ల కూతురు కిన్నెరను ఎప్పుడూ చంకనెత్తుకునే ప్రయాణం చేసేది. ఆ రోజు నడుము పట్టేయడంతో కిందికి దించింది.

"నా కొంగు ఇడువకు తల్లీ," అంది.

రైలు ఆగింది. పన్నెండు సెకన్లు. వెనకనున్నవాళ్లు తోశారు. కొంగు ఒకసారి బిగుసుకుని వదులైంది. పిల్ల తనకంటే ముందే లోపలికి దూరిందనుకుంది మంజీర. లోపలికి వెళ్లి చూస్తే లేదు. వెనక్కి తిరిగేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల కిన్నెర ఊడిన చెప్పును చేత్తో పట్టుకుని, తల్లి వంక చూస్తూ నిలబడి ఉంది. ప్లాట్‌ఫారం ఆ చివర ఒక దీపం ఆరింది. తర్వాత దాని పక్కది. రైలు సొరంగంలోకి దూరేలోపు చీకటి పిల్ల దాకా వచ్చేసింది.

"ఆపండి! నా బిడ్డ అక్కడనే ఉండిపోయింది!" మంజీర తలుపు పక్కన యంత్రంతో మాట్లాడే మాటపలకను రెండు చేతులా బాదింది.

"పన్నెండు మంది వేచి ఉన్నారు, పన్నెండు మంది ఎక్కారు," అంది రద్దీదర్శి మెత్తటి గొంతుతో. "నాగులబావిలో ప్రయాణికులు లేరు."

"ఉంది! నాలుగేండ్ల పిల్ల!"

"పద్దెనిమిది కిలోల లోపు బరువు సామానుగా నమోదవుతుంది. మరిచిపోయిన సామానును రేపు ఉదయం సేకరిస్తారు."

మంజీర అద్దానికి ముఖం ఆనించి వెనక్కి చూసింది. ఖాళీ స్టేషన్లను రైళ్లు వేగం తగ్గించకుండా దాటిపోతాయని ఆమెకు తెలుసు. ప్లాట్‌ఫారానికీ పట్టాలకూ మధ్య అడ్డు లేదని కూడా తెలుసు. అమ్మ ఎటు పోయిందో కిన్నెర చూసింది. అటే నడుస్తుందేమో.

చాదర్‌ఘాట్‌లో దూకినట్టుగా దిగి, ఎదుటి ప్లాట్‌ఫారానికి పరుగెత్తి నాగులబావి గడిలో నిలబడింది. గోడ మీద 'ఒకటి' అని పడింది. ఆ వేళప్పుడు అటువైపు వెళ్లేవారెవరూ లేరు. నేల ఊడుస్తున్న పెద్దావిడ ఆమె ముఖం చూసి చీపురు పక్కన పెట్టింది. ఆమె పేరు బాలమణి.

"ఏమైంది బిడ్డా? గట్ల వణుకుతున్నవేంది?"

మంజీర ఏడుస్తూనే చెప్పింది. "పై ఆఫీసుకు ఫోన్ చెయ్యమ్మా, నీ కాళ్లు మొక్కుత."

"చేస్తే గీ గొంతే మాట్లాడ్తది. దానికి మాటలతోని పని లేదు, కాళ్లతోనే. ఎనిమిది మందిని నిలబెట్టాలె." బాలమణి చేతులు పైకెత్తి కేకేసింది. "ఓ అన్నలారా, అక్కలారా! పిల్ల చీకట్ల చిక్కుకున్నది. జర ఈ గడిల నిలబడుండ్రి!"

అందరూ తలలు తిప్పి చూశారు. ఎవరి గడిలోంచి వాళ్లు కదల్లేదు. అలవాటు లేని దారిలో నిలబడితే యంత్రం లెక్కలో వాళ్ల పేరు మీద 'తప్పుటడుగు' పడుతుంది. అలాంటివి మూడు పడితే నెల రోజుల పాటు ఏ స్టేషన్ తలుపూ తెరుచుకోదు. నెల రోజులు పనికి పోలేమని ఎవరి భయం వారిది.

"నాకు ఇప్పటికే రెండున్నయమ్మా," అన్నాడు ఒకాయన తల దించుకుని.

మంజీర ఆయన్ని ఏమీ అనలేదు. పక్కనున్న నర్సు దుస్తుల అమ్మాయి దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది. ఆ అమ్మాయి కళ్లు మూసుకుని గడిలోకి అడుగు వేసింది. రెండు. ఆమె వెనక బుర్ఖా వేసుకున్న తల్లీకూతుళ్లు వచ్చారు. నాలుగు. పండ్ల బుట్టతో ఒక ముసలాయన, ఆ తర్వాత ఒక యువకుడు. ఆరు. అక్కడే చాలాసేపు ఆగిపోయింది. మంజీర సొరంగం వైపు చెవి పెట్టింది. ఒక రైలు నాగులబావి వైపు హోరుమంటూ దూసుకుపోయింది. ఆమె రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

రెండు తప్పుటడుగులున్న ఆయన అప్పుడు వచ్చి నిలబడ్డాడు. ఎవరి వంకా చూడలేదు. ఏడు.

"ఇంకొక్కరు!" మంజీర బాలమణి వైపు తిరిగింది. "నువ్వు రా అమ్మా!"

"నా బూట్లల్ల పనోళ్ల బిళ్ల ఉంటదే. నన్ను లెక్క వెట్టదది." బాలమణి తన కాళ్ల వంక చూసుకుంది. పని మీద ఉండగా బూట్లు విప్పితే ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. ఆవిడ నేల మీద కూర్చుంది. ఒక బూటు లాగింది, రెండోది లాగింది. పగిలిన మడమలతో, ఉత్త కాళ్లతో గడిలోకి వచ్చింది. ఆమె కింది పలక వెలిగింది.

ఎనిమిది.

నాగులబావిలో రైలు ఆగేసరికి దీపాలు ఒక్కటొక్కటిగా వెలుగుతున్నాయి. గాలి ఉక్కగా, పాత గోనెసంచి వాసనగా ఉంది. కిన్నెరను వదిలిన చోట చెప్పులు మాత్రమే పడి ఉన్నాయి. మంజీర ముందు పట్టాల వైపు చూసింది. చూడటానికి ఆమెకు ధైర్యం చాల్లేదు, అయినా చూసింది. అక్కడ ఏమీ లేదు.

"గా మూలకు!" అని అరిచింది బాలమణి.

గోడవారన ఒక అడుగుపలక మీద కిన్నెర దుముకుతోంది. జుట్టంతా చెమటతో తడిసి ముద్దయింది. తల్లి వచ్చి పట్టుకున్నా ఇంకా దుముకుతూనే ఉంది. అరికాళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"నేను ఎంత దుంకినా లైట్ రాలేదమ్మా," అంది.

మంజీర ఫిర్యాదు పెట్టింది. నాలుగో రోజున జవాబు వచ్చింది. ఆ సమయంలో నాగులబావిలో ప్రయాణికులు లేరని అందులో ఉంది. బాలమణి స్థానంలో వేరే మనిషి చీపురు పట్టుకుంది.

కిన్నెర వెళ్లే చంటిబడి ఆ దారిలోనే ఉంది, వేరే దారి లేదు. అందుకని మంజీర పిల్ల భుజానికి ఒక సంచి తగిలించి, అందులో మొత్తం ఐదు కిలోల ఇసుక మూటలు పెట్టింది. గోడ మీది అంకె ఇద్దరిని లెక్కపెట్టింది. పక్కనున్న తల్లులు చూసి, ఎంత బరువు పెట్టావని అడిగారు. వానాకాలం వచ్చేసరికి స్టేషన్లలో చిన్నపిల్లలందరి వీపుల మీదా సంచులే. పిల్లలు ముందుకు వంగి, మూలుగుతూ నడిచేవారు. ప్రయాణికుల సంఖ్య బాగా పెరిగిందని రద్దీదర్శి ప్రకటించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తినిపించి, పడుకోబెడదామని మంజీర కిన్నెర భుజం మీది సంచి తీయబోయింది. పిల్ల రెండు చేతులతో పట్టీలను గట్టిగా పట్టుకుంది.

"ఇల్లే కదమ్మా ఇది. తియ్యి, నొప్పి పెడ్తది."

"వద్దు," అంది కిన్నెర. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. పిల్ల ఆ ఎండ వంకే భయంభయంగా చూసింది. "తీస్తే ఆరిపోతది."